ఆరో జాడీ

రాయదుర్గంలో జీన్సు ఉతికే షెడ్డు వెనకాల
నీళ్లకు పూటకొక రంగు.
సోమవారం నీలి, బుధవారం బొగ్గు,
ఆర్డర్లు ముదిరిన వారం
ఇది ఫలానా అని చెప్పలేని రంగు.

నా బల్ల మీద ఆరు గాజు జాడీలు,
ఒక్కోదాంట్లో లీటరు మురుగు.
ఒకే మోటారుకు ఆరు తెడ్లు,
ఒకే పలుపుకు కట్టిన దూడల మాదిరి.

పొద్దున్నే బళ్లారి నుంచి ఏజెంటు దిగినాడు.
డ్రమ్ము మీద చెయ్యేసి
"ఇది పొయ్యండి మేడం, సాయంత్రానికి కొబ్బరినీళ్లే" అన్నాడు.
ఓనరు తిప్పేస్వామి నా మొహం చూసినాడు.
"ఏం కుళ్లాయమ్మా?"
"అంత పెద్ద తొట్టిలో పోసి చెడగొట్టుకునేకన్నా
చెడేదేదో ఈ జాడీలో చెడనీ అన్నా" అంటి.

ముందు పీహెచ్ చూస్తి. పదిన్నర.
ఆమ్లం చుక్కలు చుక్కలుగా వేసి ఏడుకు దించితి.
ఒకదాంట్లో పటిక.
రెండింట్లో ఏజెంటు మందు: ఆయన చెప్పినంత ఒకదానికి,
అందులో సగం ఇంకోదానికి.
నాలుగోదాంట్లో తుప్పురంగు ఫెర్రిక్.
ఐదోదాని సంగతి చెప్పుకోడానికేం లేదు,
అది నిన్నటి నా తప్పు, సరిచూసుకుందామని.
ఆరోదాంట్లో ఏమీ వెయ్యను.
ఏమీ వెయ్యకపోతే ఏమయ్యేదో
చెప్పే సాక్షి ఒకటి ఉండాల కదా.

నిమిషం సేపు గిర్రున.
ఆ తర్వాత ఇరవై నిమిషాలు
ఉయ్యాల ఊపే చెయ్యంత నిదానం.
నలుసు నలుసును తడుముకుంటూ
గసగసాలంత,
కొర్రగింజంత.
ఇక్కడ తొందరపడితే
కట్టిందంతా విరిగిపోతుంది.

మోటారు ఆపితి.

మా జేజి చేసింది ఇదే.
వాన వెలిసినాక గుంతనీళ్లు తెచ్చి
కుండ లోపలి గోడకు ఇండుపగింజ అరగదీసేది.
ఎన్ని చుట్లు జేజీ అంటే
"నీళ్లే చెప్తాయి పాపా" అనేది.
తెల్లారకముందే కుండ కదిపితే మాత్రం
మూడు తరాలు తిట్టేది.
నీళ్లు తేరుకున్నాయి అనేది.
జ్వరం దిగిన నన్ను చూసీ అదే మాట.

అరగంటకు చూస్తే,
ఏజెంటు చెప్పినంత పోసిన జాడీ
మళ్లీ కలకబారి ఉంది.
సగం పోసిన దాంట్లోంచి
గోడ మీది క్యాలెండరులో అమావాస్య చుక్క కనపడింది.
మందు మంచిదే.
మాటే ఎక్కువైంది.

ఫెర్రిక్ జాడీ అంతకన్నా తేట.
"ఇదే, ఇదే" అని తిప్పేస్వామి వేలితో కొట్టినాడు.
అడుగున నాలుగు వేళ్ల మడ్డి
ఆ దెబ్బకు కొంచెం లేచి మళ్లీ కూర్చుంది.
"ఇది యాడ పోస్తావన్నా?"

ఆయన పలకలేదు.
పోయినేడు బండెడు మడ్డి వంకలో కుమ్మరిస్తే
కింద చెనక్కాయ చేను హనుమక్కది.
గేటు ముందర కూర్చుంది, మూడు పొద్దులు,
దోసిట్లో నీలిమట్టి పట్టుకొని.
అరవలేదు. ఎవరు బయటికొస్తే వాళ్లకు చూపించింది.

తేటలో రెండోదాన్ని,
మడ్డి తక్కువదాన్ని ఎంచుకుంటి.
జాడీలో చిటికెడు, తొట్టిలో రెండు బస్తాలు.
ఆ గుణకారంలో నా తప్పు కూడా పెరుగుతుందని
లెక్క మూడుసార్లు వేస్తి.
పుస్తకంలో రాస్తి:
ఈ నీళ్లకు, ఈ పూటకు.

సాయంత్రం టీ తాగుతుంటే
మస్తాను పరుగెత్తుకొచ్చినాడు.
"అక్కా, రంగు మారింది."

జాడీలు కడుగుతా ఉన్నాను.
ఐదూ తెల్లబడినాయి.
ఆరోదాని అంచున నీలిగీత,
ఎంత తోమినా.